గంగమ్మ దిమ్మ చుట్టూ మూడు చుట్లు

ఫిబ్రవరి 4
నీరు: ఏడడుగుల రెండంగుళాలు. గాలి: తూర్పు. సారథి: ఓలేటి నూకరత్నం. ప్రయాణికులు: ఒకరు. ప్రయాణం: జరగలేదు.

పడవ ప్రయాణాలు రాసే ఈ నడక పుస్తకంలో ‘కారణం’ అనే గడికి రెండంగుళాల చోటిచ్చారు. ఇవాళ్టి కారణం అందులో పట్టదు. అందుకని వెనక ఖాళీ పేజీల్లో రాస్తున్నాను. తనిఖీకి వచ్చినవాళ్ళు ఇదేమిటని అడిగితే అడగనీ.

ఆ ఒక్క ప్రయాణికురాలు నా తోడికోడలు వరహాలు. దాని ఎముకల్లో మూలుగ రక్తం తయారుచేయడం మానేసి నాలుగేళ్ళయింది. మూడు వారాలకోసారి లాకు అవతల గట్టుపురం ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకోవాలి. ఇరవై ఒకటో రోజుకి పెదవులు పాలిపోతాయి. ఇరవై నాలుగో రోజుకి నాలుగడుగులు వేసి కూలబడుతుంది. అంతకుమించి ఆగి చూడలేదు, చూసే ఉద్దేశం కూడా నాకు లేదు. మా లంకలో మోటారున్న పడవ మాదొక్కటే. రేషన్ పడవ నెల మొదటి తేదీన వస్తుంది, దానికి దీని రక్తం రోజుతో పనిలేదు.

పొద్దున్నే సౌరపలకల మీద కొంగల రెట్ట కడిగి, ఉప్పు తీసే జల్లెడ దులిపి, ఎనిమిదికల్లా లాకు చేరాం. లాకు తలుపులు తీసే యంత్రాన్ని ఇప్పటికీ లస్కరు అనే అంటాం. మా తాతల నాడు ఆ పని మనుషులు చేసేవారట. ఏళ్ళ తరబడి నా మొహం చూసి తలుపు తీసిన లస్కరు ఇవాళ ఎర్రదీపం వేసి పంచాంగం చదివినట్టు మొదలుపెట్టింది.

"సారథి ఓలేటి నూకరత్నంపై పంతొమ్మిది సంవత్సరాల క్రితం జారీ అయిన వారెంటు అమలులో ఉన్నది. నేరం: గంగమ్మ దిమ్మ కూడలిలో వ్యతిరేక దిశలో మూడు చుట్లు తిరుగుట. విచారణకు హాజరు కాలేదు. లాకు దాటినచో పడవ అరవై రోజులు స్వాధీనం చేసుకొనబడును."

దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయంటారు. ఈ కుక్క పంతొమ్మిదేళ్ళు నిద్రపోయి లేచింది. అరవై రోజులంటే మూడు రక్తం రోజులు. నేను లస్కరుని నానా మాటలూ అన్నాను. అది మొత్తం విని, మళ్ళీ మొదటినుంచి చదివింది.

లాకు ముందు నాలుగు గంటలు ఎండలో నిలబడ్డాం. మిట్టమధ్యాహ్నానికి మరమ్మతుకి వెళుతున్న చేపల పడవ ఒకటి వస్తే కాళ్ళావేళ్ళా పడి వరహాలుని అందులో ఎక్కించాను. నేను ఖాళీ పడవతో వెనక్కి తిరిగాను. ఎక్కే ముందు అది అడిగింది, ఏ చుట్లక్కా అని. ఏవో, ఎవరివో నా పేరున ఎక్కించి ఉంటార్లే అన్నాను.

ఫిబ్రవరి 6
నీరు: ఏడడుగులు. గాలి: తూర్పు. ప్రయాణం: లేదు.

వరహాలు నిన్న సాయంత్రం పాల పడవ మీద సగం దూరం, తెడ్డు పడవ మీద సగం దూరం వచ్చింది. రక్తం ఎక్కింది గానీ మనిషి నలిగిపోయింది. రెండోసారి ఇలా పంపితే బతకదు. మళ్ళీ రక్తం రోజు ఫిబ్రవరి 25. ఈలోపు నేను తాడో పేడో తేల్చుకోవాలి.

పుస్తకంలో అబద్ధం రాయకూడదన్నది మొదటి పేజీలోనే అచ్చేసిన రూలు. కాబట్టి రాస్తున్నాను. ఆ చుట్లు ఎవరివో నాకు బాగా తెలుసు.

కొత్త పడవ నీళ్ళలోకి దించితే, చుక్కాని కింద నిమ్మకాయ పెట్టి, ఇంటికి కొత్తగా వచ్చిన కోడలి చేత గంగమ్మ చుట్టూ మూడు ప్రదక్షిణలు చేయిస్తాం. గుడి మునిగిపోయాక దాని శిఖరం మీద కాంక్రీటు దిమ్మ పోసి అమ్మవారిని నిలబెట్టారు. పడవల కూడలి కూడా సరిగ్గా అక్కడే పెట్టారు, మహానుభావులు. నీళ్ళ మీద కుడివైపు నడవాలన్నది రూలు. అంటే కూడలిలో దిమ్మ ఎడమచేతికి ఉండాలి. ప్రదక్షిణలో దేవత కుడిచేతికి ఉండాలి. అందుకని అందరూ గార్డు బోటు భోజనానికి వెళ్ళే వేళ చూసుకుని తిరుగుతారు. మా అత్తగారు పెట్టించిన ముహూర్తం మాత్రం గార్డు డ్యూటీ వేళలో పడింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు పడవలన్నీ అటు వెళుతుంటే మా పడవ ఒక్కటీ ఇటు.

ఆ రోజు చుక్కాని పట్టింది వరహాలు. పెళ్ళయి పన్నెండో రోజు. భయంతో కళ్ళు మూసుకుని తిప్పింది. గార్డు ఈల వేసి, ఎవరు నడిపారని పేరు అడిగాడు. కొత్త కోడలి పేరు కోర్టు కాగితం ఎక్కితే పుట్టింటివాళ్ళు ఏమంటారని మా అత్తగారు నావైపు చూశారు. పెద్ద కోడలి పేరు ఎక్కితే ఫరవాలేదన్నమాట. అయినా ఎవరూ నన్ను బలవంతం చేయలేదు. నేనే నా పేరు చెప్పాను. దాన్ని లోపలికి పంపి, గార్డు ఏమీ రాయకుండా వదిలేశాడని చెప్పాం.

విచారణ తేదీ మా అత్తగారి పెద్దకర్మ రోజున పడింది. వెళ్ళలేదు. తర్వాత తుఫాను వచ్చింది, ఇంట్లో మగవాళ్ళిద్దరూ ఆ తుఫానులోనే పోయారు. కోర్టు కూడా కొట్టుకుపోయింది. దానితో పాటు కాగితం కూడా పోయిందనుకున్నాను.

ఫిబ్రవరి 7
నీరు: ఏడడుగుల ఒక అంగుళం. గాలి: లేదు. ప్రయాణం: లేదు.

రేడియోలో గట్టుపురం కోర్టు గుమాస్తా దొరికేసరికి మూడు గంటలు పట్టింది. ఈలోగా తేలే మడుల్లో గోంగూర కలుపు తీశాను. కొట్టుకుపోయిన రిజిస్టర్లు ఏదో గోదాములో దొరికితే ఆరబెట్టి కిందటి నెలలో లస్కరుకి చదివించారట. తుఫానులో మా బంగారం పోతే ఎవరూ వెతకలేదు గానీ రిజిస్టర్లు మాత్రం వెతికారు.

వారెంటు ఎత్తేయాలంటే రెండు కావాలన్నాడు. ఆనాడు పడవ నడిపిన మనిషి లాకు దగ్గర నిలబడి ఒప్పుకోవాలి. నేరం చీటీ రాసిన గార్డు పక్కనే ఉండి అవునని చెప్పాలి. గార్డు లేకపోతే కోర్టు తీరిగ్గా విచారిస్తుంది, అప్పటిదాకా పడవ వాళ్ళ దగ్గరే. అరవై రోజులు తక్కువ కాదన్నాడు. గార్డు పేరు పాలెపు వీర్రాజు. ఉద్యోగం దిగిపోయి పదేళ్ళయింది. లాకుకి ఇవతలే, పాత గట్టు మీద ఉంటాడు.

నేను వరహాలు ముందు ఎగిరి గంతేయలేదు గానీ, రాత్రి వంటలో దానికిష్టమైన ఎండురొయ్యలు వేశాను.

ఫిబ్రవరి 9
నీరు: ఆరడుగుల పదంగుళాలు. గాలి: నైరుతి. సారథి: నూకరత్నం. ప్రయాణికులు: లేరు. ప్రయాణం: పాత గట్టుకి, తిరిగి ఇంటికి.

వీర్రాజు గారు తెప్పల మీద బాతులు పెంచుకుంటున్నారు. డెబ్బై దాటిన మనిషి. నడుం వంగింది గానీ ఈల మాత్రం ఇంకా మెళ్ళోనే ఉంది, ఇప్పుడు దానితో బాతుల్ని పిలుస్తున్నారు. నన్ను చూసి గుర్తుపట్టలేదు. గంగమ్మ దిమ్మ, మూడు చుట్లు అనగానే మాత్రం బాతుల గంప కింద పెట్టేశారు.

సంగతంతా చెప్పాను. లాకు దగ్గరికొచ్చి, ఆ రోజు నడిపింది ఈవిడేనని ఒక్క మాట అంటే చాలన్నాను. ఆయన బాతులకి గుప్పెడు నూకలు చల్లారు.

"వత్తానమ్మా, రాకేం. కానీ ఆ రోజు చుక్కాని పట్టుకుంది నువ్వు కాదు గదా. పారాణి కాళ్ళు. నేను చూడలేదనుకున్నారా ఏంటి మీరు?"

మరి నా పేరెందుకు రాశారండీ అన్నాను.

"నువ్వు చెప్పిన పేరు రాశాను. కొత్త పెళ్ళికూతురని జాలేసి ఊరుకున్నాను. అది నా తప్పు. ఇప్పుడు నిలబెట్టి అడిగితే మాత్రం అబద్ధం ఆడలేనమ్మా, ఆయ్. ఈ వయసులో ఇంకోటి మొయ్యలేను."

నేను బతిమాలాను. తర్వాత కోప్పడ్డాను. మీకేం పోయిందండీ, రక్తం మీ ఇంట్లోవాళ్ళకి కాదు కదా అని కూడా అనేశాను. ఆయన ఏమీ అనుకోలేదు. పైగా ఇంకో మాట చెప్పారు. నిజం చెబితే తప్పుడు పేరిచ్చినందుకు నా చుక్కాని చీటీ, అంటే పడవ నడిపే అనుమతి, ఆరు నెలలు రద్దవుతుందట, అది కూడా ఆలోచించుకొమ్మన్నారు. వచ్చేటప్పుడు నాలుగు బాతు గుడ్లు చేతిలో పెట్టారు. తీసుకోకూడదనుకున్నాను, కానీ వరహాలుకి మంచిదని తీసుకున్నాను.

ఫిబ్రవరి 12
నీరు: ఏడడుగులు. గాలి: నైరుతి. ప్రయాణం: లేదు.

మూడు రోజులుగా పడవ అడుగున నత్తలు గీకుతున్నాను. గీకడానికి ఇంకేమీ మిగల్లేదు. ఇరవై రెండేళ్ళుగా చుక్కాని నా చేతిలో ఉంది. అది లేకపోతే నేనేం చేయాలో నాకు తెలియదు. అంతకంటే పెద్ద భయం దానికి చెప్పడం. పంతొమ్మిదేళ్ళ అబద్ధాన్ని ఏ చివర పట్టుకుని లాగాలి?

ఇవాళ వరహాలు బిందె ఎత్తబోయి మధ్యలో ఆపి గోడకి ఆనుకుంది. ఎనిమిదో రోజుకే ఇలా ఎప్పుడూ లేదు. ఎండలో నిలబెట్టినందుకు ఇంకా తేరుకోలేదు. రేపు చెప్పేస్తాను.

ఫిబ్రవరి 13
నీరు: ఏడడుగులు. గాలి: లేదు. ప్రయాణం: లేదు.

చెప్పాను.

ముందు నవ్వింది, వేళాకోళం అనుకుని. తర్వాత లేచి వాకిట్లోకి వెళ్ళి, తిరిగొచ్చి నా ఎదురుగా కూర్చుంది. అది గొంతు పెంచలేదు. పెంచితే బావుండుననిపించింది.

"పంతొమ్మిదేళ్ళు నా తప్పు నువ్వు మోసేవా? ఎవరడిగేరక్కా నిన్ను? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

నీ మంచికే అన్నాను. నా మంచికైతే నాకు చెప్పేదానివి అంది. నేను ఆ రోజు కళ్ళు మూసుకుని తిప్పాను, గంగమ్మే కాపాడిందనుకున్నాను, ఇన్నేళ్ళూ ఏటా చీర పెట్టాను, నీకు పెట్టాల్సిందన్నమాట అంది. ఆ మాటకి నవ్వొచ్చింది నాకు. అది నవ్వలేదు.

రాత్రి ఎవరి కంచం వాళ్ళం తీసుకుని తిన్నాం. ఈ ఇంట్లో ఇలా జరగడం ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 15
నీరు: ఏడడుగుల రెండంగుళాలు. గాలి: తూర్పు. సారథి: నూకరత్నం, పక్కన వరహాలు. ప్రయాణం: లంక చుట్టూ.

తెల్లవారేసరికి వరహాలు పక్కమీద లేదు. ఇల్లంతా వెతికాను. చూస్తే రేవులో పడవెక్కి చుక్కాని దగ్గర కూర్చుని ఉంది, చీర కొంగు నడుముకి బిగించి.

రాత్రంతా ఆలోచించిందట. ఆసుపత్రివాళ్ళిచ్చిన రక్తం కార్డు వెనక చిన్న అక్షరాల్లో అచ్చేసింది తీసి నాకు చూపించింది. నాలుగేళ్ళుగా ఆ కార్డు నేనే మోస్తున్నాను, ఒక్కసారి కూడా వెనక్కి తిప్పి చదవలేదు. రక్తం కార్డున్న మనిషి వైద్యానికి వెళ్ళేటప్పుడు ఆ మనిషినిగానీ, ఆ మనిషి స్వయంగా నడిపే పడవనుగానీ తన పేరునున్న ఏ వారెంటు మీదా ఆపకూడదు. నేను నడిపితే పడవ ఆగుతుంది. వారెంటు దాని పేరుకి మారి, అదే నడిపితే ఆగదు. అంటే నిజం చెప్పడమే లాకుకి తాళంచెవి.

నీకు నడపడం రాదుగా అన్నాను.

"నేర్పు. పది రోజులుంది."

నీ చీటీ పోతుందక్కా అని కూడా అంది, మెల్లగా. పోతే పోనీ అన్నాను. అన్నాక గానీ నాకు తెలియలేదు, నిజంగానే ఆ మాట అనగలనని.

రేడియోలో దాని పేర నేర్చుకునే చీటీ రాయించాను. చీటీ ఉన్న మనిషి పక్కన కూర్చుంటే చాలట. చుక్కాని ఎటు తిప్పితే పడవ ముక్కు దానికి ఎదురు తిరుగుతుందని మొదటి పాఠం చెప్పాను. అది అటు తిప్పమంటే ఇటు తిప్పింది. మడుల్లోకి దూసుకెళ్ళి సగం గోంగూర తొక్కించింది. నేను నోరు చేసుకున్నాను. అది నా నోరు వినడం అలవాటైన మనిషిలా మళ్ళీ తిప్పింది.

ఫిబ్రవరి 21
నీరు: ఏడడుగులు. గాలి: తూర్పు, గట్టిగా. ప్రయాణం: పాత గట్టుకి, తిరిగి ఇంటికి.

ఆరు రోజుల్లో పడవ దాని మాట వినడం మొదలుపెట్టింది. పావుగంట నడిపి పదినిమిషాలు పడుకుంటుంది. లేచి మళ్ళీ పట్టుకుంటుంది. నేను తీసుకుంటానంటే కసురుతుంది. నాకంటే మొండిదని ఇన్నేళ్ళకి తెలిసింది.

ఇవాళ వీర్రాజు గారి దగ్గరికి అదే నడిపి తీసుకెళ్ళింది. ఆయన గట్టు మీద నిలబడి చూస్తూ, ఈసారి కళ్ళు తెరిచే నడుపుతుందే పెళ్ళికూతురు అన్నారు. ఇరవై ఐదున వస్తానన్నారు. బాతుల్ని చూసుకోవడానికి పొరుగింటావిడకి అప్పుడే ఈల నేర్పుతున్నారు.

ఫిబ్రవరి 25
నీరు: ఏడడుగుల ఒక అంగుళం. గాలి: తూర్పు. సారథి: ఓలేటి వరహాలు, నేర్చుకునే చీటీ మీద. ప్రయాణికులు: ఇద్దరు. ప్రయాణం: రాస్తాను.

వరహాలు పెదవులు తెల్లగా ఉన్నాయి పొద్దున్నే. పాత గట్టు దగ్గర ఆగి వీర్రాజు గారిని ఎక్కించుకున్నాం. దారిలో రెండుసార్లు నా చేయి దానంతట అదే ముందుకెళ్ళింది. వెనక్కి లాక్కున్నాను. అది కాక ఇంకెవరు పట్టుకున్నా ఈ పడవ అరవై రోజులు పోతుంది.

లాకు దగ్గర లస్కరు ఎర్రదీపం వేసి అదే పాట మొదలుపెట్టింది. ఓలేటి నూకరత్నంపై వారెంటు అమలులో ఉన్నదంది. వరహాలు మోటారు ఆపి లేచి నిలబడింది. నిలబడొద్దని నేనంటే వినలేదు.

"ఆ రోజు చుక్కాని పట్టింది నేను. ఓలేటి వరహాలుని. అక్క తన పేరు చెప్పింది గానీ, తిప్పింది నేనే."

వీర్రాజు గారు తన పాత గార్డు బిళ్ళని లస్కరు కంటి ముందు పెట్టి, చీటీ రాసింది తనేననీ, చుక్కాని దగ్గర ఈ అమ్మాయినే చూశాననీ, తెలిసి కూడా వేరే పేరు రాశాననీ చెప్పారు. నా వంతు వచ్చింది. తప్పుడు పేరిచ్చానని ఒప్పుకున్నాను. పంతొమ్మిదేళ్ళుగా నోట్లో దాచుకున్న మాట చెప్పడానికి నాలుగు క్షణాలు పట్టింది.

దీపం పసుపు రంగులోకి మారింది. వరహాలు పక్కకి ఒరుగుతుంటే నేను వెనకనుంచి నడుం పట్టుకున్నాను. ఒక చేయి మాత్రం చుక్కాని మీదనుంచి తియ్యనివ్వలేదు.

"వారెంటు ఓలేటి వరహాలు పేరునకు మార్చబడినది. తప్పుడు పేరిచ్చిన నేరం ఓలేటి నూకరత్నంపై నమోదైనది. రక్తం కార్డు గుర్తించబడినది. సారథి ఎవరు?"

"నేనే."

"రోగిని, రోగి నడుపు పడవను ఆపరాదు. ముందుకు సాగుము."

తలుపులు తెరుచుకున్నాయి. వీర్రాజు గారు ఎందుకో ఈల వేశారు. వరహాలు కూర్చుని, మోటారు వేసి, పడవని నిటారుగా లోపలికి పోనిచ్చింది. ఒక్క తలుపుకి కూడా తగలనివ్వలేదు.

ఫిబ్రవరి 26
నీరు: ఏడడుగులు. గాలి: లేదు. సారథి: వరహాలు. ప్రయాణికులు: ఇద్దరు. ప్రయాణం: జరిగింది.

ఆసుపత్రిలో రెండు సీసాలు ఎక్కాక ఇవాళ కోర్టుకి వెళ్ళాం. జడ్జిగారు చిన్నావిడ, వరహాలు వయసే ఉంటుంది. రిజిస్టరంతా చదివి, చీటీలో శిక్ష ఏమిటో చూసి, గార్డు ఎదుట సరైన దిశలో మూడు చుట్లు తిరిగి చూపించాలన్నారు. సరిగ్గా తిరిగితే అదే పరీక్ష కింద తీసుకుని పూర్తి చీటీ ఇస్తానన్నారు. నా చీటీ ఆరు నెలలు రద్దు. చేతిలోంచి ఆ చీటీ అట్ట తీసుకుంటుంటే ఏడవకూడదనుకున్నాను. ఏడవలేదు.

తిరిగొచ్చేటప్పుడు డ్యూటీ గార్డు చూస్తుండగా దిమ్మ దగ్గర ఆగాం. అమ్మవారిని ఎడమచేతికి పెట్టి తిరగడమంటే శ్మశానంలో తిరిగినట్టు కదా. ఆ మాట అంటే వీర్రాజు గారు, నేను ఇరవై ఏళ్ళు కాపలా బోట్లో ఆ తల్లి చుట్టూ రూలు ప్రకారమే తిరిగానమ్మా, నన్నేమీ అనలేదు అన్నారు.

వరహాలు దిమ్మవైపు దణ్ణం పెట్టి, అమ్మా, అప్పుడు నీ మాట విన్నాను, ఇప్పుడు వీళ్ళ మాట వింటున్నాను, ఇద్దరూ కోపం తెచ్చుకోకండి అంది. మూడు చుట్లు తిరిగింది. కళ్ళు తెరిచే తిరిగింది.

మార్చి 18
నీరు: ఆరడుగుల పదకొండంగుళాలు. గాలి: లేదు. సారథి: ఓలేటి వరహాలు. ప్రయాణికులు: ఒకరు. ప్రయాణం: జరిగింది.

ప్రయాణికులు ఒకరు అంటే నేను. పుస్తకం రాయడం మాత్రం నాకే వదిలేసింది, తన చేతులు ఖాళీగా లేవట. మలుపు దగ్గర నా చేయి మళ్ళీ చుక్కాని మీదికి వెళ్ళింది. ప్రయాణికులు ముట్టుకోకూడదని టప్పున ఒకటి వేసింది.

లాకు దగ్గర లస్కరు పచ్చదీపం వేసి, సారథి ఓలేటి వరహాలు, ముందుకు సాగుము అంది. అంతే. ఇంకొక్క ముక్క కూడా చదవలేదు.

వచ్చేటప్పుడు దాని పెదవులు ఎర్రగా ఉన్నాయి. ఎండ పడి మొహం మెరుస్తుంటే, చుక్కాని మీద చేయి తీసి చీర కొంగుతో చెమట తుడుచుకుని, మళ్ళీ చేయి పెట్టింది. ఇన్నేళ్ళూ నేను అక్కడ కూర్చుని దాని మొహం ఒక్కసారీ చూడలేదు, నా చూపు ఎప్పుడూ ముందున్న నీళ్ళ మీదే ఉండేది. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

ఏంటక్కా ఆ ఏడుపు అంది. గాలికి అన్నాను.

అది ఒంగి నా ఒళ్ళో ఉన్న పుస్తకంలోకి చూసింది.

"గాలి లేదని రాసేవు కదే అక్కా."

పుస్తకంలో అబద్ధం రాయకూడదు కాబట్టి ఆ గడి నేను దిద్దలేదు.